బావగారూ, ఇంకో గ్లాసు

స్కానింగ్ గదిలో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్న ఆవిడను వరండాలో అందరూ నీళ్ళమ్మ అంటారు. ముఖం మీద ఎవరూ అనరు. తలుపు తెరుచుకుని ఆవిడ తల బయటికి రాగానే, బెంచీల మీద కబుర్లలో పడ్డవాళ్ళు ఎవరి సీసా వాళ్ళు గబుక్కున నోటికెత్తుకుంటారు. టీచరు కనపడగానే పుస్తకం తెరిచే పిల్లలకూ వీళ్ళకూ పెద్ద తేడా లేదు. ఆ సీసాల్లో నీళ్ళు పొద్దున ఎంతున్నాయో ఇప్పుడూ అంతే ఉన్నాయని ఆవిడకు తెలుసు.

ఆవిడ అడిగేది నిజానికి చిన్న సంగతి. పొత్తికడుపు చూపించుకునేవాళ్ళు గంట ముందు లీటరు నీళ్ళు తాగి, మూత్రానికి వెళ్ళకుండా రావాలి. నిండిన మూత్రం సంచి తెర మీద నల్లగా, నునుపుగా, గాలి లేనప్పటి చెరువులా కనిపిస్తుంది. దాని గోడ మీద బఠాణీ గింజంత గడ్డ మొలిచినా ఆ నలుపులోకి తెల్లగా పొడుచుకొస్తుంది. సంచి ఖాళీగా ఉంటే గోడలు ఒకదాని మీద ఒకటి పడి, పిండి పడేసిన గుడ్డలా ముడతలే ముడతలు. అందులో ఏది ముడతో ఏది గడ్డో చెప్పడం ఎవరి తరమూ కాదు. సూది లేదు, కోత లేదు, ఒంట్లోకి గొట్టం పంపే పని లేదు. చల్లటి జెల్ రాసి, సబ్బుబిళ్ళంత ప్రోబ్‌ను పొట్ట మీద అటూ ఇటూ జరిపితే పది నిమిషాల్లో తేలిపోతుంది. ఇంత సుఖమైన పరీక్షకు జనం చెయ్యాల్సిందల్లా కాసేపు ఉగ్గబట్టుకుని కూర్చోవడం. అదొక్కటే చెయ్యరు.

కొందరు భయంతో వెళ్ళొస్తారు. కొందరు మర్యాదకు వెళ్ళొస్తారు, ఆసుపత్రి మంచం మీద పడుకోబోతూ కడుపు నిండా మూత్రం పెట్టుకోవడం బాగుండదని. ఒకాయన అయితే ఆవిడకు శ్రమ తగ్గుతుందని ఖాళీ చేసుకొచ్చానని చెప్పి, మెచ్చుకోలు కోసం చూశాడు. వరండా గోడకు ఆరోగ్యం గురించిన పెద్ద పోస్టరు ఒకటి ఉంది. అందులో నలుగురు కుటుంబసభ్యులు పళ్ళన్నీ కనపడేలా నవ్వుతూ పార్కులో పరిగెడుతుంటారు. ఆ నలుగురిలో ఒక్కరి చేతిలోనూ నీళ్ళ సీసా లేదు. ఆ పోస్టరు పీకేసి, రెండు లీటర్ల సీసా బొమ్మ ఒకటి అతికించమని ఆవిడ ఏడేళ్ళుగా చెబుతోంది. గోడకు చెప్పినా ఒకటే, ఆఫీసుకు చెప్పినా ఒకటే.

ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగితే, ఎవరో ఒకరు నీళ్ళు తాగొచ్చేదాకా కూర్చోవడంలోనే వయసైపోయిందంటుంది. అక్కావాళ్ళ ఇంటి పై వాటాలో ఉంటుంది. నాన్న చనిపోయిన ఏడాది, డిగ్రీ పూర్తి చేసి దిక్కుతోచక కూర్చున్న మరదలిని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి స్కానింగ్ కోర్సులో చేర్పించింది బావగారే. ఆయన సిటీ బస్సు డ్రైవరు. చదువుకున్న రెండేళ్ళూ పొద్దుటి ట్రిప్పులో ముందు సీటు మీద తన తువ్వాలు వేసి ఆవిడకు ఆపేవాడు. ఆ సంగతి ఆయన ఎప్పుడూ ఎత్తడు. ఆవిడా ఎత్తదు. ఇద్దరూ కలిస్తే ఎత్తిపొడుపులే.

అలాంటి బావగారికి, యాభై ఎనిమిదో ఏట, ఒక ఆదివారం పొద్దున మూత్రంలో రక్తం పడింది. నొప్పి లేదు, మంట లేదు. నీళ్ళు కొట్టడం మరిచిన మరుగుదొడ్డి బేసిను చూసి అక్క కేకేస్తే, రాత్రి బీట్‌రూట్ తిన్నాను కదా అన్నాడు. రెండు వారాలకు మళ్ళీ పడింది. ఈసారి ఇంట్లో బీట్‌రూట్ లేదని అక్క గుర్తు చేస్తే, క్యాంటీన్‌లో తిన్నానన్నాడు. అక్క పై వాటాకు వచ్చి గొంతు తగ్గించి చెప్పింది. చెల్లెలు చెయ్యి కడుక్కోకుండానే కిందికి దిగింది.

నొప్పి లేకుండా రక్తం పడటం ఆవిడకు అస్సలు నచ్చని సంగతి. నొప్పి ఉంటే రాయనుకోవచ్చు, మంట ఉంటే చీము అనుకోవచ్చు. ఏమీ లేకుండా వచ్చి, ఏమీ లేనట్టే ఆగిపోయే రక్తమే మాయదారిది. అందులోనూ ముప్ఫై ఏళ్ళు రోజుకు పెట్టె సిగరెట్లు ఊదిన మనిషి. రేపే రమ్మంది. చూద్దాంలే అన్నాడు. చూద్దాం అనే మాటను నిషేధించాలని ఆవిడ చాలాకాలంగా అనుకుంటోంది.

ఆయన రాలేదు. మరదలి ముందు చొక్కా ఎత్తి, ప్యాంటు బొత్తాం తీసి పడుకోవడమేంటని ఆయన బాధ. ఎవరికీ చెప్పకుండా డిపో వెనక సందులో కొత్తగా తెరిచిన స్కానింగ్ సెంటరుకు పోయి, వారం తిరక్కుండా రిపోర్టు పట్టుకొచ్చాడు. అంతా నార్మల్. డిపో డాక్టరు ఆ కాగితం చూసి, ఏదో ఇన్ఫెక్షన్ అని అయిదు రోజులకు మాత్రలు రాశాడు. బావగారు రిపోర్టు భోజనాల బల్ల మీద పరిచి, గెలిచిన కప్పు చూపించినట్టు అక్కకు చూపించాడు.

"డాక్టరమ్మను పిలువు. వచ్చి చదువుకోమను."

డాక్టరమ్మ వచ్చి చదివింది. చదువుతుంటే అరికాలి మంట నెత్తికెక్కింది. 'మూత్రాశయం తగినంత నిండి ఉన్నది. గోడలు నునుపుగా ఉన్నవి. లోపల ఎటువంటి పెరుగుదలయూ కనపడలేదు.' ఆ మూడు వాక్యాలూ ఆవిడవే. పదకొండేళ్ళ కిందట, టైపిస్టు ప్రతి రిపోర్టుకూ అదే సోది మళ్ళీ మళ్ళీ కొట్టలేక ఏడుస్తుంటే, కాలేయం నుంచి మూత్రాశయం దాకా అన్నీ బాగున్నట్టు ఒక నమూనా రాసిచ్చింది. తేడా ఉన్నచోట మార్చుకోండి, లేకపోతే అలాగే వదిలెయ్యండి అని చెప్పింది. 'ఉన్నది', 'ఉన్నవి', 'పెరుగుదలయూ' అని గ్రాంథికంగా పెడితే గంభీరంగా ఉంటుందని కూడా ఆవిడకే తోచింది. తర్వాత ఆ టైపిస్టు ఉద్యోగం మారి డిపో వెనక సెంటరుకు పోయాడు. పోతూ పోతూ నమూనాను కూడా వెంట తీసుకుపోయాడు.

రిపోర్టుకు గుచ్చిన ఫొటోలు తిప్పి చూసింది. మూత్రాశయం ఫొటోలో చెరువు లేదు, చెంబుడు నీళ్ళు కూడా లేవు. పిండిన నిమ్మచెక్క ఉంది.

"స్కానింగ్‌కి ముందు బాత్‌రూముకు వెళ్ళారా బావగారూ?"

"వెళ్ళనా మరి?"

"నీళ్ళు తాగమని చెప్పారా?"

"చెప్పారు. తాగాను. తాగి వెళ్ళొచ్చాను."

చిలక్కి చెప్పినట్టు చెప్పింది. ఈ బొమ్మలో మీ సంచి ఖాళీగా ఉంది, ఖాళీ సంచిలో ఏముందో ఎవరికీ తెలియదు, నిండి ఉందని అచ్చయిన వాక్యం మీ కోసం రాసింది కాదు, ఎవరి కోసమూ రాసింది కాదు, అసలు రాసింది నేనే అని చెప్పింది. చివరి మాట చెప్పకుండా ఉండాల్సింది. బావగారు దాన్నే పట్టుకున్నాడు.

"అయితే నువ్వే నార్మల్ అని రాశావన్నమాట. మళ్ళీ నువ్వే కాదంటావు. మీ ఆసుపత్రి వాళ్ళకు ఒక మాట మీద నిలబడటం రాదా మరదలా?"

ఇలా వాదిస్తే లాభం లేదని ఇంకో దారి చెప్పింది. రెండుసార్లు రక్తం పడ్డాక అసలు మూత్రం దారిలోంచి సన్నటి కెమెరా గొట్టం పంపి లోపల చూడాలి, నేరుగా ఆ డాక్టరు దగ్గరికే పోదాం అంది. గొట్టం అనే మాట వినగానే బావగారు కుర్చీలో వెనక్కి జరిగాడు. నార్మల్ అని కాగితం చేతిలో ఉండగా అక్కడ గొట్టం పెట్టించుకునే పిచ్చివాణ్ణి కాదన్నాడు. ఆ కాగితం ఉన్నంతకాలం ఆయన కదలడని ఆవిడకు అర్థమైంది. ఆయన్ని కదిలించాలంటే దానికి ఎదురు ఇంకో కాగితం కావాలి. ఆ కాగితానికి నిండిన సంచి కావాలి.

అక్క రెండు పూటలు మాట్లాడకుండా ఉండేసరికి మెట్టు దిగాడు. బుధవారం పదకొండు గంటలకు వచ్చాడు. ఆవిడ కళ్ళెదుటే లీటరు నీళ్ళు తాగాడు. బెంచీ మీద గంట కూర్చున్నాడు. పేరు పిలిచారు. తలుపు దగ్గరికి వస్తాడనుకుంటే వరండా చివరనున్న బాత్‌రూము వైపు నడిచాడు. ఆవిడ గదిలోంచి చూసి, బావగారూ, బావగారూ అని వెంటపడేలోపు లోపలికి వెళ్ళి గడియ వేసుకున్నాడు.

అడిగితే ఆయనకే తెలియలేదు. పేరు వినపడగానే కాళ్ళు అటు పోయాయన్నాడు. అది అబద్ధం కాదు. ముప్ఫై రెండేళ్ళ సర్వీసులో, డిపోలో కంట్రోలరు బండి నంబరు పిలవగానే డ్రైవరన్నవాడు చేసే మొదటి పని అదే. ఒకసారి స్టీరింగు ముందు కూర్చున్నాక రెండు గంటలు దిగడానికి లేదు కాబట్టి, పని ఉన్నా లేకపోయినా వెళ్ళొచ్చాకే బండెక్కాలి. కొత్తగా చేరినవాళ్ళకు పాతవాళ్ళు క్లచ్చు కంటే ముందు నేర్పేది ఇదేనట. ఆ పిలుపుకు ఆయన ఒళ్ళు అలా తయారైంది. వరండాలో గుమాస్తా పిలిచినా, డిపోలో కంట్రోలరు పిలిచినా ఆ ఒంటికి తేడా లేదు.

ఆవిడకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. వచ్చే సోమవారానికి మళ్ళీ రాయించింది. ఈసారి పేరు పిలవద్దని గుమాస్తాకు చెప్పి, తానే వెళ్ళి భుజం మీద తట్టింది. బావగారు బుద్ధిగా లేచి వెంట వచ్చాడు, మంచం మీద పడుకున్నాడు, చొక్కా ఎత్తి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఆవిడ ప్రోబ్ పెట్టి చూస్తే సంచి సగమే ఉంది.

"ఇందాక వెళ్ళారా?"

"సగమే వెళ్ళాను. ఆపుకున్నాను మధ్యలో. అంతకన్నా నా వల్ల కాలేదమ్మా."

సగం సంచిలో ఎడమ పక్క, వెనక గోడ మీద, ఏదో ఉబ్బెత్తుగా కనపడింది. ముడత కావచ్చు. ప్రోబ్‌ను అటు వంచితే ఉంది, ఇటు వంచితే కలిసిపోయింది. వేరేవాళ్ళ కడుపయితే ఆవిడే తేల్చుకునేది. ఇక్కడ తన చూపును తానే నమ్మలేక పెద్ద డాక్టరును పిలిచింది. రోజుకు డెబ్భై రిపోర్టులకు సంతకం పెట్టే ఆయన నిలబడే చూసి, చెప్పలేమమ్మా, నింపుకుని మళ్ళీ రమ్మనండి అన్నాడు. ఆవిడ ఆ వేడిలోనే నమూనా సంగతి ఎత్తింది. నిండి ఉన్నది అనే ముక్క తీసేద్దాం, ఎంత నిండిందో ప్రతిసారీ చేత్తో రాద్దాం అంది. డాక్టరు గడియారం చూసుకున్నాడు. అలా చేస్తే సాయంత్రానికి ఇరవై మంది మిగిలిపోతారన్నాడు. ఇరవై మంది మిగిలితే రేపు చూడొచ్చు, చూశామని రాసి చూడనివాళ్ళను ఎప్పుడు చూస్తామండీ అని ఆవిడ గట్టిగానే అంది. టైపు చేసే అమ్మాయి తల వంచుకుంది. ఆ మధ్యాహ్నమే ఆ వాక్యం తీయించి ఖాళీ గడి పెట్టించింది. తమ ఆసుపత్రిలో అయితే పోయింది. డిపో వెనక ఇంకా ఉంది, ఇంకెన్నిచోట్ల ఉందో తెలియదు.

బావగారు మూడోసారి రానన్నాడు. ఊరంతా నా మూత్రం గురించే మాట్లాడుకుంటున్నారు అన్నాడు. రక్తం ఆగిపోయి మూడు వారాలైంది, మాత్రలు పనిచేశాయి అన్నాడు. నీ చెల్లెలికి నన్ను మంచం మీద పడుకోబెట్టి చూడటం సరదాగా ఉన్నట్టుంది అని కూడా అన్నాడు. మామూలు రోజుల్లో అయితే అక్క నవ్వేది. ఆ రోజు చేతిలో గరిటె అలాగే పట్టుకుని, ఆయన వైపు చూడకుండా పొయ్యి వైపే చూస్తూ నిలబడింది. చెల్లెలు అది చూసి మెట్లెక్కి పైకి పోయింది.

సగం సంచిలో చూసిన ఆ ఉబ్బు కంట్లో నలుసులా తిరుగుతోంది. ముడతయితే ఇంత రాద్ధాంతం చేసినందుకు జీవితాంతం ఎత్తిపొడుస్తాడు, పొడవనీ. గడ్డయితే రోజులు పోతున్నాయి. ఇవాళ గోడ మీద ఉన్నది రేపు గోడలోకి దిగుతుంది. దిగాక సంచి మొత్తం తీసేసిన మనుషుల్ని కూడా ఆవిడ అదే మంచం మీద చూసింది. ఒంటికి అలవాటైన సంగతి మాటలతో మారదు. అయితే ఆ అలవాటును తన పనికే వాడుకుంటే? బండెక్కితే రెండు గంటలు దిగడు కదా. అవే రెండు గంటలు తనకు కావాలి.

శుక్రవారం సెలవు పెట్టింది. ఆవిడ పనిచేసే ఆసుపత్రి డిపో గేటుకు సరిగ్గా ఎదురుగా, రోడ్డుకు అవతల ఉంది. బావగారి మధ్యాహ్నం ట్రిప్పు పన్నెండింటికి ఊరి ఆ చివర బయల్దేరి, రెండింటికి డిపోలోకి వస్తుంది. రెండూ పదికి మంచం ఖాళీగా ఉంచమని చెప్పి, రెండు లీటర్ల సీసా, స్టీలు గ్లాసు సంచిలో వేసుకుని ఆ చివర స్టాపులో నిలబడింది. బావగారు అలవాటు ప్రకారం వెళ్ళొచ్చి బండెక్కాడు. ఎక్కి చూస్తే వెనక మొదటి సీట్లో మరదలు.

"నువ్వెక్కడికి?"

"మీతోనే."

మొదటి సిగ్నలు దగ్గర బస్సు ఆగింది. ఆవిడ గ్లాసు నింపి, ఆయన భుజం పక్కనుంచి ముందుకు చాపింది. ఆయన అద్దంలో చూసి, దాహం లేదన్నాడు. ఆవిడ చెయ్యి వెనక్కి తీయలేదు. పక్క సీట్లో కూరగాయల సంచి కాళ్ళ మధ్య పెట్టుకున్న ముసలావిడ ఇదంతా చూస్తోంది. ఎవరమ్మా ఆయన అని అడిగింది. మా బావగారండి అంది ఈవిడ.

"ఎండలో మరదలు నీళ్ళందిస్తుంటే అంత బెట్టేంటయ్యా? తాగు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. బావగారు తాగాడు. తర్వాతి సిగ్నల్లో మళ్ళీ గ్లాసు. తర్వాతి దాంట్లో మళ్ళీ. నాలుగో గ్లాసుకు ముందు సీట్లవాళ్ళందరికీ సంగతి సగం తెలిసిపోయింది, మిగతా సగం వాళ్ళే కల్పించుకున్నారు. ఎర్ర లైటు పడగానే బావగారూ ఇంకో గ్లాసు అని ఈవిడ అనేలోపు, ముసలావిడే పొయ్యి తల్లీ అనడం మొదలుపెట్టింది. పెళ్ళిచూపులకు కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టారు నన్ను అని ఆయన గొణిగాడు. చేతులు మాత్రం స్టీరింగు వదల్లేదు. పది మంది చూస్తుండగా నీళ్ళు వద్దని గొడవ పెట్టుకునే మనిషి కాదాయన.

డిపోలోకి తిరిగేసరికి ఆయన మెడ నరాలు బిగుసుకున్నాయి. బండి గీతలో పెట్టి, తాళం తీసి, దూకినట్టు దిగి, షెడ్డు పక్కనున్న తలుపు వైపు నడిచాడు. మరదలు అంతకంటే ముందు నడిచింది. మగవాళ్ళు అని రాసి ఉన్న ఆ తలుపుకు వీపు ఆనించి, చేతులు కట్టుకుని నిలబడింది. షెడ్డు కింద టీ తాగుతున్న ఆరుగురు డ్రైవర్లు గ్లాసులు పట్టుకుని అలాగే ఆగిపోయారు.

"జరుగు."

"జరగను."

"మరదలా, మనుషులు చూస్తున్నారు. పరువు తీస్తున్నావు."

"తీస్తాను. ఆ తర్వాత మీరు నాతో మాట్లాడకపోయినా ఫర్వాలేదు. రోడ్డు దాటండి బావగారూ. పది నిమిషాలు. నా మాట కాదు, అక్క మొహం చూసి దాటండి."

ఆయన ఏదో అనబోయాడు. అనడానికి కూడా ఊపిరి వదలాలి, వదిలితే ప్రమాదం. మోకాళ్ళు దగ్గరగా పెట్టుకుని, చిన్న చిన్న అడుగులతో గేటు వైపు తిరిగాడు. ఆవిడ రోడ్డు మధ్యలోకి వెళ్ళి చెయ్యెత్తి ఆటోలు ఆపింది.

ఇరవై రెండేళ్ళలో ఆవిడ అంత నిండైన సంచిని అరుదుగా చూసింది. తెర మీద నల్లగా, నిండుగా, ఎక్కడా ఒక్క ముడత లేకుండా పరుచుకుంది. ఎడమ పక్క, వెనక గోడ మీద, ఆ నలుపులోకి తెల్లగా ఒకటి నిలబడి ఉంది. కాలీఫ్లవర్ రెమ్మలా, సన్నటి కాడ మీద, అంచులు చిట్లినట్టుగా. కొలిస్తే పధ్నాలుగు మిల్లీమీటర్లు. రంగుల బొత్తాం నొక్కితే కాడలో ఎర్రటి గీత మిణుకుమంది. దానికి రక్తం అందుతోంది.

ఇలాంటప్పుడు మొహం ఎలా పెట్టాలో ఆవిడకు బాగా వచ్చు. డాక్టరుగారు చెబుతారండి అనే మాట నోట్లో సిద్ధంగా ఉంటుంది. ఇవాళ ఆ మాట రాలేదు. బావగారు ఈసారి కళ్ళు మూసుకోలేదు, తెర వైపే చూస్తున్నాడు.

"ఆ తెల్లదేంటి?"

"ఉండకూడనిది."

"రక్తం గడ్డ కట్టి ఉంటుంది. మొన్న పడింది కదా."

అది మంచి ప్రశ్నే. ఎవరైనా ముందు అదే అడగాలి. దానికి ఒక పద్ధతి ఉందని చెప్పింది. గడ్డకట్టిన రక్తమయితే సంచి అడుగున ఊరికే పడి ఉంటుంది, మనిషి పక్కకు తిరిగితే అదీ జారి పక్కకు పోతుంది. గోడకు మొలిచినదయితే ఎటు తిరిగినా అక్కడే ఉంటుంది.

బావగారు ఎడమకు తిరిగాడు. ఇద్దరూ చూశారు. కదలలేదు. కుడికి తిరిగాడు. కదలలేదు. పొట్ట పగిలిపోయేలా ఉన్న మనిషి, నిమిషం ఆపుకోలేక రెండుసార్లు పరీక్ష చెడగొట్టిన మనిషి, దవడ బిగించి మళ్ళీ ఎడమకు తిరిగాడు. ఆవిడ ఇక చాలు లేవండి అంది. ఆగు, నువ్వు సరిగ్గా పట్టుకోలేదు, మళ్ళీ పెట్టు అన్నాడు. ఆవిడ మళ్ళీ పెట్టింది. ఆయన కావాలని కొంచెం కుదిపినట్టు తిరిగాడు, సీటు కింద ఇరుక్కున్న వస్తువు బ్రేకు కొడితే ఊడిపడుతుందేమో అని చూసే డ్రైవరులా. నుదుటి మీద చెమట చెవిలోకి కారుతోంది. నాలుగోసారి కూడా ఆ తెల్లటి రెమ్మ తన చోట తాను నిలబడి ఉంది.

"కదలట్లేదే," అన్నాడు. మొదటిసారి ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు.

"కదలదు బావగారూ."

"ఇప్పుడు వెళ్ళొచ్చా?"

"వెళ్ళండి."

వెళ్ళొచ్చి వరండాలో కూర్చున్నాడు. పెద్ద డాక్టరు ఈసారి కూర్చుని చూశాడు, కొలతలు తానే మళ్ళీ తీశాడు. కాగితం మీద ఖాళీ గడిలో 'పూర్తిగా నిండి ఉంది' అని చేత్తో రాసి, కింద గడ్డ సంగతి రాశాడు. చిన్నదే, కాడ సన్నగా ఉంది, పైపైన ఉన్నట్టే ఉంది కానీ, అది ఏ రకమో, ఎంత లోతో ఈ బొమ్మ చెప్పదు, కెమెరా పెట్టి చూసి అక్కడే గీకి తీయాలన్నాడు. ఇంకా చిన్నవి, గోడకు అంటుకుపోయినట్టు ఉండేవి మా బొమ్మకు దొరకవు, అందుకైనా కెమెరా తప్పదన్నాడు.

బావగారికి అప్పుడు కోపం వచ్చింది. కోపంలో భయం కనపడదు కదా. "ఎలాగూ గొట్టం పెట్టేదే అయితే ఈ మూడుసార్ల గోలెందుకు? బస్సులో ఆ నీళ్ళ భాగోతమెందుకు? మొదటే పెట్టెయ్యాల్సింది."

"మొదటే పెడదామంటే కుర్చీ వెనక్కి జరుపుకున్నదెవరు?" అంది ఆవిడ. "ఆ కాగితం పట్టుకుని ఇంకో ఏడాది తిరిగేవారు. అది నేను రాసిన కాగితం. మీరు తిరిగినన్నాళ్ళూ నేనెలా బతికేదాన్ని?"

ఆవిడ గొట్టం డాక్టరు గదికి ఫోను చేసింది. గురువారం పొద్దున ఒక సమయం ఖాళీగా ఉందట, అది తప్పితే మూడు వారాల దాకా లేదట. గురువారం ఆయనకు డ్యూటీ ఉందని ఆవిడకు తెలుసు. సెలవు దొరకదు, చూద్దాం అనే మాట కోసం చెవులు రిక్కించుకుని, దానికి చెప్పాల్సిన పది జవాబులు మనసులో వరసగా పేర్చుకుంది.

బావగారు ఫోను తీసి డిపోకు కొట్టాడు. గురువారం నా బండికి ఇంకొకర్ని వెయ్యండి అన్నాడు. అవతల కంట్రోలరు కారణం అడిగినట్టున్నాడు. బావగారు వరండాలో సీసాలు పట్టుకుని కూర్చున్న అందరినీ ఒకసారి చూశాడు. గొంతు తగ్గించలేదు.

"మూత్రం సంచిలో గడ్డ ఉంది. చూశాను. తీయించుకోవాలి."